మన ఇంటి దీపం – ఎవరి నూనె?

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బయి అయిదేళ్ళ పాటు తమిళనాట ఒక తెలుగు పాఠశాల దీపం ఆరకుండా వెలగడం సామాన్య విషయం కాదు. ఆ దీపంలో ఎందరో నూనె పోశారు. కొందరి పేర్లు గోడమీది పాలరాతి పలకల మీద ఉన్నాయి. అంతకంటె ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు. ఈనాడు నన్ను మాట్లాడమన్న విషయం నిత్యజీవితంలో పొదుపు, పర్యావరణం, హరిత విద్యుత్తు. ఈ మూడింటినీ కలిపి ఆలోచిస్తూ ఉంటే నా మనసుకు తట్టిన ప్రశ్న ఒక్కటే: మన ఇంట్లో వెలిగే దీపానికి నూనె పోస్తున్నది ఎవరు? వారి పేరు ఏ పలక మీద ఉన్నది?

ముందుగా మన పేట గురించి రెండు మాటలు మనవి చేస్తాను. చింతాద్రిపేట అనే పేరు ‘చిన్న తరి పేట్టై’ నుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. తరి అంటే మగ్గం. 1734లో, జార్జి మోర్టన్ పిట్ గవర్నరుగా ఉన్న కాలంలో, కుంపిణీవారు ఎగుమతి బట్టల కోసం కూవం నది వంపులో ఈ నేతపేటను నెలకొల్పారు. నూలు వడికేవారిని, నేసేవారిని, బట్టలు చలువ చేసేవారిని, అద్దకం వేసేవారిని ఇక్కడికి రప్పించారు. అంతకు పూర్వం ఈ నేల సుంకురామ శెట్టి అనే తెలుగు వర్తకుని అనుభవంలో ఉన్న తోట. కుంపిణీలో ఆయన పలుకుబడి తగ్గిన తరువాత ఆ తోటను తీసుకొని పేట కట్టారు. అంటే, మనం నిలుచున్న నేలకు కూడా ఒక భూసేకరణ చరిత్ర ఉన్నదన్నమాట. ‘ప్రజోపయోగం’ అనే మాటకు ఎప్పుడూ రెండు వైపులుంటాయి: ఉపయోగపడే ప్రజ ఒక వైపు, నేల వదులుకొనే ప్రజ మరొక వైపు. ఈ సంగతి గుర్తుంచుకొని ముందుకు సాగుదాం.

నేను ఈ బడి విడిచిన కొన్నేళ్ళకు విద్యుత్ గోపురాలు నిర్మించే ఒక సంస్థలో సర్వే ఉద్యోగంలో చేరాను. పెద్ద తీగల మార్గం ఎక్కడెక్కడ వెళ్ళాలో గుర్తులు పెట్టడం నా పని. ఒకసారి తమిళనాడు–ఆంధ్ర సరిహద్దులోని ఒక పల్లెలో వేరుశనగ చేను మధ్య మేకులు పాతిస్తున్నాను. చేను యజమాని వచ్చి, నేను తెలుగువాణ్ణని గ్రహించి, కోపగించుకోకుండానే అడిగాడు: “అయ్యా, ఈ తీగలో పోయే కరెంటు మా ఊళ్ళో దిగుతుందా?”

దిగదు. అది పట్నానికి పోయే తీగ. ఆనాడు ఆ ఊరికి వచ్చే కరెంటు రాత్రి వేళ కాసేపే ఉండేది, అదీ మిణుకుమిణుకుమంటూ. “దిగదు పెద్దాయనా” అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. మంచినీళ్ళ చెంబు నా చేతికిచ్చి వెళ్ళిపోయాడు. పంటనష్టం కింద ఆయనకు దక్కింది స్వల్పం. గోపురం నాలుగు కాళ్ళూ నిలిచిన నేలకు ఏమీ రాలేదు. నాటి పద్ధతి అది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఇచ్చిన అధికారంతో తీగలు వేసేవారు. చెట్టుకు, పంటకు నష్టం కట్టేవారు గాని నేల విలువను లెక్కలోకి తెచ్చేవారు కారు. నేను చట్టప్రకారమే నడిచాను. అయినా ఆ చెంబు నీళ్ళు నాకు ఈనాటికీ గొంతు దిగలేదు.

ఆ రైతువంటి వారు ఎందరో అడగగా అడగగా చట్టం కొంత కదిలింది. 2015 అక్టోబరులో కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ ఇచ్చిన మార్గదర్శకాలలో గోపురం కాళ్ళ కింది నేలకు దాని విలువలో 85 శాతం, తీగల కింది నేలకు 15 శాతం వరకు పరిహారంగా సూచించారు. 2024లో గోపురం నేలకు విలువకు రెండింతలు, తీగల కింది నేలకు 30 శాతం అన్నారు. ఏ రాష్ట్రం ఎంతవరకు అమలు జరుపుతుందన్నది వేరే మాట. నేను చెప్పదలచుకొన్నది ఇది: ప్రశ్న అడిగితేనే లెక్క మారుతుంది. చదువు నేర్పవలసిన మొదటి విద్య ప్రశ్న అడగడం.

ఇక మన ఇళ్ళకు వద్దాం. నా చిన్నతనంలో ఈ పేట వీధులలో ‘పర్యావరణం’ అన్న మాట ఎవరి నోటా వినలేదు. కాని ఏ ఇంటా వ్యర్థం ఉండేది కాదు. పాత పంచె చింపితే తుడుపుగుడ్డ అయ్యేది. కొబ్బరి పీచు, బూడిద కలిస్తే అంట్లు తోముకొనేవారు. చింతపండు పిప్పి ఇత్తడి బిందెలకు మెరుగు పెట్టేది. కిరాణా కొట్టుకు వెళితే చేతిలో గుడ్డసంచి ఉండేది. అన్నయ్య పుస్తకం తమ్ముడికి, తమ్ముడి పుస్తకం పక్కింటి పిల్లవాడికి చేరేది. ఈ మాటలు చెబుతుంటే పెద్దలలో కొందరు తల ఊపుతున్నారు. కాని ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. ఆ పొదుపులో చాలా భాగం మన సంస్కారం కాదు, మన లేమి. మిగిలిన భాగం మన అమ్మల నడుముల మీద నడిచింది. రంపపు పొట్టు దట్టించిన పొయ్యి ముందు కూర్చొని మా అమ్మ దగ్గే దగ్గు ఇప్పటికీ నా చెవిలో ఉన్నది. గ్యాసు పొయ్యి వచ్చిన రోజు ఆమె దానికి పసుపు కుంకుమ పెట్టింది. కనుక ‘పాత రోజులకు మళ్ళుదాం’ అనే ఉపదేశం నేను చేయను. ఇంటిల్లిపాదీ పంచుకోని పొదుపు పొదుపు కాదు. అది ఒకరి చాకిరీకి మరొక పేరు.

మనం నేర్వవలసింది పాత పనిముట్లు కాదు, పాత లెక్క. ఏ వస్తువు ఎక్కడి నుంచి వచ్చింది, వాడిన తరువాత ఎక్కడికి పోతుంది అనే లెక్క. పిల్లలూ, చిన్న గణితం చెబుతాను, పలకల మీద కాకపోయినా మనసులో వేసుకోండి. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే 0.3 యూనిట్ ఖర్చు. దాదాపు అంతే వెలుగునిచ్చే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు 0.045 యూనిట్ చాలు. పాత రకం పంకా 75 వాట్లు తీసుకొంటుంది, కొత్త బి.ఎల్.డి.సి. పంకా 30 వాట్ల లోపే. రోజుకు 12 గంటలు తిరిగితే అర యూనిట్ మిగులుతుంది. ఏడాదికి దాదాపు 200 యూనిట్లు. ఒక యూనిట్ విద్యుత్తుకు మన దేశంలో సుమారు 700 గ్రాముల బొగ్గు మండాలి. ఆ బొగ్గులో మూడో వంతు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ, బూడిదే. అంటే ఒక్క పంకా మార్చితే ఏడాదికి 140 కిలోల బొగ్గు గనిలోనే ఉండిపోతుంది. నలభై కిలోల పైన బూడిద పుట్టదు. చల్లదనపు యంత్రం ఉన్నవారు దానిని ఒక్క డిగ్రీ పైకి జరిపితే దాని ఖర్చులో 6 శాతం వరకు తగ్గుతుందని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. 2020 నుంచి కొత్త యంత్రాలు మొదట 24 డిగ్రీల వద్దనే మొదలు కావాలన్న నియమం కూడా వచ్చింది.

నీటి సంగతి కూడా విద్యుత్తు సంగతే. 2019 వేసవిలో పూండి, చోళవరం, ఎర్రకొండల చెరువు, చెంబరంబాక్కం నాలుగూ దాదాపు ఎండిపోయిన రోజులు మీకు గుర్తున్నాయి. ఆ జూలైలో జోలార్‌పేట నుంచి 50 వ్యాగన్ల రైలులో, ఒక్కొక్క దఫాకు సుమారు 25 లక్షల లీటర్ల నీళ్ళు వచ్చాయి. ఆపైన సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే కర్మాగారాలున్నాయి. 2010లో మీంజూరులో, 2013లో నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్ల సామర్థ్యంతో ఒక్కొక్కటి నెలకొల్పారు. 2024లో నెమ్మేలిలోనే 15 కోట్ల లీటర్లది తోడయింది. ఈ పద్ధతిలో వెయ్యి లీటర్లకు 3 నుంచి 4 యూనిట్ల విద్యుత్తు కావాలి. అంటే 10 కోట్ల లీటర్లకు రోజూ 3 నుంచి 4 లక్షల యూనిట్లు. కారుతున్న కుళాయిని కట్టివేయడం దీపం ఆర్పడంతో సమానమని దీనివల్ల తెలుస్తుంది. 2003లో తమిళనాడు ప్రభుత్వం ప్రతి కట్టడానికీ వాననీటి సేకరణ తప్పనిసరి చేసింది. ఆనాడు తవ్విన గుంటలు ఎన్ని ఇళ్ళలో ఇప్పుడు ఇసుకతో, చెత్తతో పూడిపోయి ఉన్నాయో మీరే చూసుకోండి. వాన రాకముందు ఒక్క ఆదివారం గుంట శుభ్రం చేసుకోవడం మన చేతిలో పని.

మనం తాగే నీటిలో మరొక బంధుత్వం కూడా ఉన్నది. 1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందం ప్రకారం కృష్ణాజలాలు శ్రీశైలం నుంచి సోమశిల, కండలేరుల మీదుగా పూండికి వస్తున్నాయి. ఆ నీళ్ళు 1996లో తొలిసారి తమిళనాడు సరిహద్దు దాటాయి. ఆ శ్రీశైలం జలాశయం నిండినప్పుడు, 1980ల ఆరంభంలో, కర్నూలు, మహబూబ్‌నగరు జిల్లాలలో సుమారు వంద గ్రామాలు మునిగాయి. ఎక్కడో ఒక తల్లి వదలిన ఇంటి గడప మీదుగా మన బిందెలోకి నీళ్ళు వస్తున్నాయి. ఈ మాట మిమ్మల్ని నొప్పించడానికి కాదు. ఆ నీళ్ళను పారబోసే ముందు చేయి ఒక్క క్షణం ఆగాలని చెబుతున్నాను.

ఇక విద్యుత్తు రాజకీయానికి వస్తాను. ‘రాజకీయం’ అంటే పార్టీల మాట కాదు. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరికి దక్కుతుంది, ఎవరు భరిస్తారు అనే మూడు ప్రశ్నల పేరే రాజకీయం.

ఈ నగరానికి విద్యుత్తు కొత్తది కాదు. 1895లో మద్రాసు వీధులలో విద్యుత్ ట్రాము నడిచింది. భారతదేశంలో అదే మొదటిది. పొగ లేదు, పెట్రోలు లేదు. 1953లో దానిని మూసివేశాం, పట్టాలు పీకివేశాం. మళ్ళీ అరవై ఏళ్ళు గడిచాక, 2015లో, మెట్రో రైలు వచ్చింది. 2025లో విద్యుత్ బస్సులు రోడ్డెక్కాయి. చేతిలో ఉన్న మంచి వస్తువును పాతదని పారవేసి, తరువాత అధిక వ్యయంతో తిరిగి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. తెలుగు మాధ్యమపు బడి విషయంలోనూ ఈ ఉపమానం వర్తిస్తుందని విజ్ఞులకు వేరే చెప్పనక్కరలేదు.

మన దీపాలకు చాలాకాలం నూనె పోసింది ఎన్నూరు. అక్కడి పాత థర్మల్ కేంద్రం 1970లో ఆరంభమై 2017లో మూతపడింది. దాని చుట్టుపక్కల కొత్త కేంద్రాలు వచ్చాయి. కొసస్తలై నది సముద్రంలో కలిసే ఆ ఉప్పుకయ్యలో బూడిద మేటలు వేసింది. వలవేసి బతికే జాలరులు తమ చేపలు, రొయ్యలు తగ్గాయని హరిత న్యాయస్థానం దాకా వెళ్ళారు. మన చింతాద్రిపేట చేపల బజారుకు, ఆ నదికి ఎంత దూరం? మన మీట నొక్కితే అక్కడ బూడిద రాలుతున్నది.

శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల అనే చిత్తడి నేలలున్నాయి. వరి పండేది, చేప దొరికేది, పశువులకు మేత ఉండేది. అక్కడ బొగ్గు విద్యుత్ కేంద్రం కడతామన్నప్పుడు ఆ నేల ‘బంజరు’ అని కాగితాల మీద రాశారు. రైతులు, జాలరులు ఎదురునిలిచారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అదే నెలలో ఆ ప్రాజెక్టుకు ఇచ్చిన పర్యావరణ అనుమతి రద్దయింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న అదే జిల్లా కాకరాపల్లిలో మళ్ళీ కాల్పులు, మళ్ళీ మరణాలు. ‘బంజరు’ అన్న ఒక్క మాట ఎంత భారం మోయగలదో సోంపేట నేర్పింది. ఏ నేల అయినా దాని మీద బతికేవాడికి బంజరు కాదు.

బొగ్గు పోయి సూర్యుడు వస్తే ఈ బాధలన్నీ తీరుతాయని మనం అనుకొన్నాం. చాలావరకు తీరతాయి కూడా. ఆ సంగతి నేను నిస్సందేహంగా చెబుతాను. సూర్యపలక పొగ వదలదు, బూడిద రాల్చదు. 2010లో సౌరవిద్యుత్తు యూనిట్ ధర పది రూపాయలకు పైమాట. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు దిగింది. ఇంత త్వరగా చవుకైన ఇంధనం మన తరం చూడలేదు. కాని సూర్యుడు ఉచితమే గాని, పలక పరచడానికి నేల ఉచితం కాదు.

కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు ఆరువేల ఎకరాలలో వెయ్యి మెగావాట్ల సౌరపార్కు 2017లో పూర్తయింది. ఆనాటికి ఒకేచోట ఉన్న అతిపెద్ద సౌరపార్కులలో అది ఒకటి. మనకు గర్వకారణమే. అయితే ఇటువంటి ప్రతిచోటా వచ్చే చిక్కు ఒకటే. పట్టా ఉన్నవానికి పరిహారం ఉంటుంది. పట్టా లేక తరతరాలుగా దున్నుకొన్నవానికి, ఆ నేలమీద మేకలు మేపుకొన్నవానికి, కలుపు తీసి కూలి తెచ్చుకొన్న ఆడమనిషికి ఏ ఖాతాలో ఏమి రాస్తారు?

కర్నాటకలోని పావగడలో మరొక మార్గం తొక్కారు. పావగడ మన తెలుగు వినిపించే సీమ. బాలసముద్రం, తిరుమణి, వల్లూరు, రాయచెర్లు, క్యాతగానచెర్లు అనే అయిదు ఊళ్ళలో 13 వేల ఎకరాలు. అక్కడ నేలను కొనలేదు, కౌలుకు తీసుకొన్నారు. ఎకరానికి ఏడాదికి 21 వేల రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు. నేల రైతు పేరునే ఉన్నది. వరుస కరువులతో వలసపోయిన సీమకు అది చిన్న ఆధారం కాదు. 2019 చివరికి అక్కడి సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. కొనడానికి బదులు కౌలు అనే ఆ ఒక్క నిర్ణయం ఎంత తేడా తెచ్చిందో చూడండి. అయినా అక్కడ కూడా పదెకరాలున్నవానికి పదింతలు వస్తుంది. నేల లేని కూలికి కౌలు లేదు, కూలీ లేదు. పద్ధతి మెరుగుపడింది, న్యాయం ఇంకా పూర్తి కాలేదు.

ఒప్పందాల సంగతి మరొకటి. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర ఒప్పందాల ధరలు ఎక్కువని తిరిగి బేరమాడడానికి పూనుకొన్నది. ఉత్పత్తిదారులు కోర్టుకు వెళ్ళారు. 2022 మార్చిలో హైకోర్టు ఒప్పందపు ధరలే చెల్లించాలని తీర్పు చెప్పింది. ఇందులో రెండు న్యాయాలు ఢీకొన్నాయి. ఎక్కువ ధర చివరకు ప్రజల బిల్లులోకే చేరుతుందన్నది ఒకటి. మాట తప్పితే రేపు ఎవరూ పెట్టుబడి పెట్టరన్నది రెండవది. రెండింటిలో ఏదీ తేలికగా తోసివేయదగినది కాదు. ఇటువంటి ఒప్పందాలు రాసే రోజునే ప్రజలు చదివి ఉంటే, రద్దు చేయబోయే రోజు తగవు ఉండదని మాత్రం అనగలను.

లెక్కలు చదివేటప్పుడు మరొక జాగ్రత్త అవసరం. 2030 నాటికి 500 గిగావాట్ల శిలాజేతర సామర్థ్యం మన దేశపు లక్ష్యం. 2025లో మన స్థాపిత సామర్థ్యంలో సగం అటువంటిదేనని ప్రకటించారు. అది నిజం. కాని సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. రాత్రివేళ సూర్యుడుండడు, గాలి తన ఋతువులోనే వీస్తుంది. ముప్పందల్ కనుమలో మే నుంచి సెప్టెంబరు వరకు మరలు జోరుగా తిరుగుతాయి; ఆపైన నెమ్మదిస్తాయి. అందుకే 2023–24లోనూ దేశంలో ఉత్పత్తి అయిన విద్యుత్తులో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా బొగ్గుదే. పగటి విద్యుత్తుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదలి మళ్ళీ విద్యుత్తు తీయడం ఒక ఉపాయం. తమిళనాడులోని కడంపారై 1987 నుంచి ఆ పని చేస్తున్నది. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లతో అటువంటిదే చేపట్టారు. ఈ పరిజ్ఞానం పెరగాలి. అంతవరకు ‘మనం హరితమైపోయాం’ అని చంకలు గుద్దుకోవద్దు.

మరి మనం ఏమి చేయగలం? నేల అడగని సూర్యపలక ఒకటున్నది: అది మన మేడ మీదిది. ఒక కిలోవాటుకు సుమారు 100 చదరపు అడుగుల ఎండ పడే చోటు కావాలి. రోజుకు 4 యూనిట్లు ఇస్తుంది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకంలో కోటి ఇళ్ళు లక్ష్యం. ఒక కిలోవాటుకు 30 వేలు, రెండింటికి 60 వేలు, మూడు, ఆపైన 78 వేల రూపాయల సహాయం. మేడ మీద ఎంత విద్యుత్తు పుడితే, కర్నూలులోనో పావగడలోనో అంత నేల మిగులుతుంది. కాని ఇక్కడా అదే ప్రశ్న. మన పేటలో సొంత మేడ ఎందరికున్నది? ఇరుకు సందులలో, ఒకే గుమ్మంలో నాలుగు కాపురాలు అద్దెకుండే చోట, మేడ యజమానిది, బిల్లు అద్దెవానిది. సొంత ఇల్లున్న వారికే సాయం దక్కితే లేనివారి గతి ఏమిటి? ఢిల్లీలో ఒకచోట పెట్టిన పలకల విద్యుత్తును పలువురి బిల్లులలో పంచే పద్ధతిని అనుమతించారు. ఇక్కడ కూడా అది వీలుగా, చవుకగా అందుబాటులోకి రావాలని మనం అడగాలి. అడగడం మన విధి అని ఇందాకనే మనవి చేశాను.

ఈ శుభసందర్భంలో పాఠశాల యాజమాన్యానికి, పూర్వ విద్యార్థుల సంఘానికి మూడు వినతులు చేస్తాను.

మొదటిది: ఈ జూబిలీకి గుర్తుగా ఒక స్తంభమో, తోరణమో కట్టకండి. మేడ మీద పది కిలోవాట్ల సూర్యపలకలు పెట్టండి. వెయ్యి చదరపు అడుగులు చాలు. రోజుకు 40 యూనిట్లు వస్తాయి. బడి పగటివేళే నడుస్తుంది, సూర్యుడూ పగటివేళే నడుస్తాడు; ఇంత చక్కని జోడీ మరొకటి లేదు. నా వంతు చందా ఈ రోజే కార్యదర్శిగారికి ఇచ్చాను. అయితే పలకలు కడిగే నీళ్ళకు వాననీటి తొట్టి ఉండాలి. ఇరవై అయిదేళ్ళకు వాటికి కాలం తీరినప్పుడు పాత సామానుల కొట్టుకు చేర్చకూడదు. 2022 నాటి ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలలో సౌరపలకలను కూడా చేర్చారు. ఆ నియమం ప్రకారం తిరిగి అప్పగించే బాధ్యతను ఇప్పుడే కాగితం మీద పెట్టండి.

రెండవది: ప్రతి తరగతికి ఒక లెక్కల పుస్తకం. నెలనెలా మీటరు చదవడం, నీళ్ళ తొట్టి కొలవడం, చెత్త తూకం వేయడం పిల్లల పని. ఆ అంకెలు తెలుగులో రాసి గోడకు అంటించండి. ఏ విద్యుత్తు ఎక్కడి నుంచి వస్తుందో, అక్కడ ఎవరుంటారో చెప్పే పటం పక్కన పెట్టండి. భూగోళం, గణితం, నీతి మూడూ ఒకే గోడమీద కనిపిస్తాయి.

మూడవది: మనది మగ్గాల పేట. 2019 జనవరి 1 నుంచి తమిళనాడులో ఒక్కసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. 2021 డిసెంబరులో ‘మళ్ళీ పసుపు సంచి’ ఉద్యమం మొదలైంది. తమిళంలో మంజపై అంటారు. పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి ఇచ్చే ఆ సంచి మనకూ పరిచితమే. ఈ సభకు వచ్చిన ప్రతివారికీ బడి పేరు అద్దిన గుడ్డసంచి ఇస్తున్నారు. దానిని బీరువాలో దాచకండి, బజారుకు తీసుకువెళ్ళండి. మన పక్కనే పారే కూవంలో తేలే సంచులు మన ఇళ్ళ నుంచి వెళ్ళినవే.

‘ఒక పంకా, ఒక సంచి, ఒక గుంట – వీటితో లోకం మారుతుందా?’ అని అడిగేవారున్నారు. ఆ అనుమానం న్యాయమైనది. వేల మెగావాట్ల నిర్ణయాలు మన వంటింట్లో జరగవు. మన పొదుపు చూపించి పెద్దల బాధ్యతను తప్పించడానికి ఎవరైనా ప్రయత్నిస్తే ఒప్పుకోకూడదు. కాని నేను చూసినంతవరకు, సొంత మీటరు చదవనివాడు రాష్ట్రపు విద్యుత్ లెక్క అడగడు. ఇంట్లో లెక్క అలవడినవాడే సభలో లెక్క అడుగుతాడు. ఇంటి పొదుపు వల్ల మిగిలే యూనిట్లు కొన్నే కావచ్చు. దానివల్ల తయారయ్యే పౌరుడు గొప్పవాడు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నారు మన పెద్దలు. ఇప్పుడు దీపం ఉన్నది. సూర్యుడి నుంచి, గాలి నుంచి వెలుగు తీసే విద్య మన చేతికి వచ్చింది. దానిని నేల పోగొట్టుకొనేవారి కన్నీళ్ళు కలవకుండా తెచ్చుకోగలమా అన్నదే ఇకముందు మీ తరం పరీక్ష.

ఆ వేరుశనగ చేను రైతు నేడు జీవించి ఉండడు. కాని ఆయన ప్రశ్నను ఈ బడికి అప్పగించి వెళుతున్నాను. చిరంజీవులారా, మీలో ఎవరైనా ఇంజనీరు అవుతారు, కలెక్టరు అవుతారు, శాసనసభ్యులు అవుతారు. గీత గీసే రోజున, సంతకం పెట్టే రోజున, చెయ్యి ఎత్తే రోజున ఒక్కసారి ఆగి మిమ్మల్ని మీరు అడగండి: ఈ తీగలో పోయే వెలుగు, అది దాటిపోయే ఊళ్ళో దిగుతుందా? ‘దిగుతుంది పెద్దాయనా’ అని మీరు చెప్పగలిగిన నాడు ఈ పాఠశాల ఎన్ని జూబిలీలు జరుపుకొన్నా సార్థకమే.